ఖరీదైన మందులు ఏళ్ల తరబడి తప్పకుండా వాడాలంటే: వైజాగ్ పేషెంట్లకీ ఇంట్లోవాళ్లకీ పూర్తి గైడ్

కిడ్నీ మార్పిడి అయినవాళ్లు వేసుకునే టాక్రోలిమస్, సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్‌కి ఇచ్చే ఇమాటినిబ్, కీళ్లవాతానికి రెండు వారాలకోసారి చేయించుకునే అడాలిముమాబ్ ఇంజెక్షన్ లాంటి మందులున్నాయి. ఇవి ప్రతి మెడికల్ షాపులోనూ దొరకవు, ఖరీదు ఎక్కువ, కొన్ని ఫ్రిజ్‌లోనే ఉండాలి, పైగా ఏళ్ల తరబడి, కొన్నయితే జీవితాంతం వాడాలి. ఇలాంటివి ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరు చెప్తారు, పేషెంటూ బుర్రూపుతాడు. ఇంటికొచ్చాక అసలు కథ మొదలవుతుంది.

నేను రామ్‌నగర్‌లో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి. నేను చూసినంతలో మతిమరుపు వల్ల మందు తప్పేవాళ్లు తక్కువ. స్టాకు అయిపోయి, డబ్బు సర్దుబాటు కాక, కరెంటు పోయి ఇంజెక్షన్ పాడై, వాంతులకి భయపడి, లేదా బాగానే ఉంది కదా అని మానేసేవాళ్లే ఎక్కువ. అందుకే ఫోన్లో అలారం పెట్టుకోండి అని చెప్పి చేతులు దులుపుకునే సలహాలంటే నాకు చిరాకు. అలారం మోగినా డబ్బాలో మాత్ర లేకపోతే ఏం లాభం?

తప్పితే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. లండన్ హామర్‌స్మిత్ హాస్పిటల్ డాక్టర్లు ఇమాటినిబ్ వాడుతున్న సీఎంఎల్ పేషెంట్లు 87 మందికి మూతలో చిప్ ఉన్న సీసాలిచ్చి, మూత ఎన్నిసార్లు తీశారో మూడు నెలలు లెక్కపెట్టారు. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకి జబ్బు బాగా లొంగే అవకాశం 94.5 శాతం ఉంటే, 90 శాతం, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 28.4 శాతమే. 90 శాతం అంటే నెలలో మూడు రోజులు తప్పడం, అంతే. పెళ్లికెళ్లి రెండు రోజులు, మందు రావడం లేటై ఒక రోజు, అయిపోయింది.

1. ఒక్కో మందుకి ఒక్కో కాగితం రాయించుకోండి

డిశ్చార్జి సమ్మరీ దాచుకుంటే చాలదు, అందులో మీకు కావాల్సింది ఉండదు. తెల్లకాగితం మీద ఒక్కో మందుకి ఇవి రాసి, డాక్టరుతోనో, ఫార్మసిస్టుతోనో, నర్సమ్మతోనో సరిచూయించుకోండి: మందు అసలు పేరు, బ్రాండు, మిల్లీగ్రాములు, ఏ టైముకి, తిన్నాకా పరగడుపునా, ఒక డోసు తప్పితే ఏం చేయాలి, వాంతి అయితే ఏం చేయాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి, ఎవరికి చేయాలి.

తిన్నాకా తినకముందా అన్నది చిన్న విషయం అనుకోకండి. ఇమాటినిబ్ భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, లేకపోతే కడుపులో తిప్పేస్తుంది. అదే జబ్బుకి ఇచ్చే నిలోటినిబ్ పరగడుపునే పడాలి, తిని రెండు గంటలు గడవాలి, వేసుకున్నాక గంటసేపు ఏమీ తినకూడదు. ఒకటి మార్చి ఇంకోటి రాసినప్పుడు పాత అలవాటు కొద్దీ టిఫిన్‌తో వేసేసుకుంటారు. ఇంక అదే జబ్బుకి డసాటినిబ్ వాడేవాళ్లయితే, మనందరి ఇళ్లలో పొద్దున్నే పరగడుపున మింగే ఆ పాంటాప్రజోల్ గ్యాస్ మాత్ర గురించి డాక్టరుకి చెప్పి తీరాలి, ఎందుకంటే అది కడుపులో ఆమ్లం తగ్గించేసి క్యాన్సర్ మందు ఒంటికి పట్టకుండా చేస్తుంది. గ్యాస్ మాత్రని ఎవరూ మందుగా లెక్కేయరు, అక్కడే వస్తుంది చిక్కు.

పంపరపనస మాట కూడా ఆ కాగితంలో ఉండాలి. వినాయక చవితికి పాలవెల్లికి కట్టి, మర్నాడు వలుచుకు తినే పండే. అది, దాని చుట్టం గ్రేప్‌ఫ్రూటు, టాక్రోలిమస్ రక్తంలో పేరుకుపోయేలా చేయగలవు. పూజకి కట్టుకోండి, తినడం మాత్రం మిగతావాళ్లకి వదిలేయండి.

2. టైము మీ ఇంటి దినచర్యకి కట్టండి

అలారం పనికొస్తుంది, కానీ అలారం ఆపేసి పని చూసుకోవడం అందరికీ అలవాటే. రోజూ తప్పని పని ఏదో ఒకటి ఉంటుంది చూడండి: పొద్దున్న కాఫీ, దేవుడి దగ్గర దీపం, రాత్రి సీరియల్. మందు డబ్బా ఆ చోటనే పెట్టండి.

స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాళ్ల సంగతి వేరు. ఏ షిఫ్టు పొద్దున్న 6కి, బీ మధ్యాహ్నం 2కి, సీ రాత్రి 10కి మొదలవుతాయి. టాక్రోలిమస్ 12 గంటల తేడాతో రెండు పూటలు పడాల్సిన మందు. షిఫ్టు మారినప్పుడల్లా టైము మార్చుకుంటూ పోతే రక్తంలో లెవెల్ ఎగుడుదిగుడవుతుంది. మూడు షిఫ్టుల్లోనూ మీరు మెలకువగా, తీరికగా ఉండే రెండు టైములు వెతకండి. పొద్దున్న 9, రాత్రి 9 పెట్టుకుంటే ఏ షిఫ్టులో పొద్దున్న డోసు డ్యూటీలో పడుతుంది, బీ షిఫ్టులో రాత్రి డోసు డ్యూటీలో పడుతుంది, సీ షిఫ్టులో రెండూ ఇంట్లోనే. కాబట్టి డ్యూటీ బ్యాగులో ఒక స్ట్రిప్పు ఎప్పుడూ ఉండాలి. బండి డిక్కీలో కాదు, ఆ వేడికి మందు తట్టుకోదు.

ఉపవాసాలు, దీక్షలు, సింహాచలం గిరి ప్రదక్షిణ... వీటికి ముందే అడగండి. కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నా మంచినీళ్లతో వేసుకునే మందుకి అడ్డేమీ లేదు. తిని వేసుకోవాల్సిన మందయితే డాక్టరుని అడిగి ఆ రోజుకి టైము జరుపుకోవచ్చేమో చూడాలి. 32 కిలోమీటర్ల ప్రదక్షిణ చెయ్యాలా వద్దా అన్నది కిడ్నీ డాక్టరు తేల్చాల్సిన విషయం, మొక్కు ఉందని మాత్రం చెప్పండి, తిట్టరు.

మెథోట్రెక్సేట్ గురించి విడిగా చెప్పాలి. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చేటప్పుడు ఇది వారానికి ఒక్క రోజే. దీన్ని రోజూ మింగేసి రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి తెచ్చుకున్న కేసులు ప్రపంచమంతటా ఉన్నాయి. స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో "గురువారం మాత్రమే" అని పెద్దక్షరాలతో రాయండి, వారంలో ఏ రోజన్నది మీ ఇష్టం. దీంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న పసుపు మాత్రే కాబట్టి రెండూ ఒకే కవరులో పెట్టకండి. పెద్దవాళ్లకి మందులిచ్చే కోడళ్లూ కూతుళ్లూ ఇది గుర్తుంచుకోవాలి.

వారం రోజుల గళ్ల డబ్బా మంచిదే. అన్ని మాత్రలూ స్ట్రిప్పులోంచి ఒలిచి అందులో పోయకండి. మన సముద్రపు గాలికి ఉప్పు బిస్కెట్టే గంటలో మెత్తబడుతుంది, కొన్ని మందులు తేమకి పాడవుతాయి. స్ట్రిప్పుని గడి గడిగా కత్తిరించి రేకుతో సహా వేస్తే సరిపోతుంది. ఇంకోటి, మార్పిడి అయినవాళ్లకి ఇచ్చే మైకోఫినోలేట్, కొన్ని రక్తపు జబ్బులకి ఇచ్చే హైడ్రాక్సీయూరియా లాంటివి గర్భంతో ఉన్నవాళ్లు చేత్తో ముట్టుకోకపోవడమే మంచిది, ఆ క్యాప్సూల్స్ విప్పకూడదు కూడా.

3. స్టాకు: అసలు యుద్ధం ఇక్కడే

మీ మందు వైజాగ్‌లో అన్ని షాపుల్లో ఉండదు. చాలాసార్లు షాపువాళ్లు హైదరాబాద్ డిస్ట్రిబ్యూటర్‌కి ఆర్డరు పెట్టి తెప్పించాలి. ఈ రోజు అయిపోయింది, సాయంత్రానికి కావాలి అంటే ఎవరూ తేలేరు. కాబట్టి ఇలా చేయండి.

పది రోజుల మందు మిగిలి ఉండగానే ఆర్డరు చెప్పండి. స్ట్రిప్పు మీద, పది రోజులు మిగిలే చోట ఎర్ర గీత గీసేయండి, గీత దగ్గరికి రాగానే ఫోన్. ఇంజెక్షన్ అయితే ఇవాళ్టిది చేయించుకున్న రోజే తర్వాతి దానికి చెప్పేయండి. ఒకే షాపుకి అంటిపెట్టుకోండి, ఎందుకంటే ప్రతి నెలా అడుగుతారని తెలిస్తే మేం మీకోసం ఒకటి తెప్పించి ఉంచుతాం. నెలకో షాపు తిరిగితే మీరెవరో మాకు తెలీదు. ఎక్కడో పది రూపాయలు తగ్గిస్తారని మారడం ఇలాంటి మందుల్లో దండగ బేరం.

సంక్రాంతికి నాలుగు రోజులు కొరియర్లు సరిగా నడవవు, ఊరంతా ఊళ్లకి పోతుంది. జనవరి మొదటి వారంలోనే సరుకు ఇంట్లో ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, షాపు తెరిచినా బిల్లు కొట్టే దిక్కు లేదు. ఆ మూడు నెలలూ ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల మందు అదనంగా ఉండేలా డాక్టరుతో మాట్లాడి రాయించుకోండి.

బ్రాండు మారితే ఊరుకోకండి. "అదే మందమ్మా, కంపెనీ వేరు" అంటాం మేం, చాలా మందులకి అది నిజమే. టాక్రోలిమస్‌కి మాత్రం కంపెనీ మారితే రక్తంలో లెవెల్ మారొచ్చు, డాక్టరుకి చెప్పి ఓసారి లెవెల్ చూపించుకోవాలి.

4. ఫ్రిజ్ ఇంజెక్షన్లు

గాజువాక నుంచి ఒకావిడ వచ్చేవారు. ఇంజెక్షన్ పని చేయట్లేదు, వేళ్లు మళ్లీ బిగుసుకుపోతున్నాయి, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకోలేకపోతున్నానని.

"ఎక్కడ పెడుతున్నారమ్మా?"

"అదేటి బాబూ, ఫ్రిజ్‌లోనే. పైన ఐసు కడుతుంది చూడు, అక్కడైతే చల్లగుంటాదని."

డీప్ ఫ్రీజర్లో పెట్టేవారు! గడ్డకట్టిన ఇంజెక్షన్ కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, లోపల ప్రొటీన్ పాడైపోయి ఉంటుంది. వేల రూపాయల మందు, ఆవిడ ఒక్క డోసూ తప్పలేదు, అయినా మందు వాడనట్టే లెక్క. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని ఆవిడ అనుకున్నారు, మనలో ఎవరమైనా అలాగే అనుకుంటాం, అందుకే ఇస్తున్నప్పుడే షాపువాడు చెప్పాలి.

కావాల్సింది 2 నుంచి 8 డిగ్రీలు. ఫ్రీజర్లో వద్దు, ఫ్రీజర్ కింద ఐసు తగిలే చోట వద్దు, తలుపు అరల్లో వద్దు, ఎందుకంటే పాలకోసం, పెరుగుకోసం రోజుకి యాభైసార్లు తీస్తాం. మధ్య అరలో, వెనక గోడకి తగలకుండా, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, దాని సొంత అట్టపెట్టెతో సహా పెట్టండి, వెలుతురు తగలకూడదు. చిన్న ఫ్రిజ్ థర్మామీటరు ఒకటి కొని ఆ డబ్బా పక్కన పెడితే ఊహాగానాలు ఉండవు.

కరెంటు పోతే మొదటి పని ఫ్రిజ్ తలుపు తీయకపోవడం. 1912కి ఫోన్ చేసి ఎప్పుడొస్తుందో కనుక్కోండి. లేటయ్యేలా ఉంటే థర్మస్ డబ్బాలో ఐసు ప్యాకు పెట్టి, దానికీ ఇంజెక్షన్‌కీ మధ్య మందపాటి తువ్వాలు చుట్టి పెట్టండి, ఐసు నేరుగా తగిలితే మళ్లీ గడ్డకడుతుంది. మందు పెట్టెలో వచ్చే కరపత్రంలో "గది ఉష్ణోగ్రతలో 14 రోజులు" అని రాసి ఉంటే సంబరపడకండి. చాలా అడాలిముమాబ్ బ్రాండ్లకి ఆ గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మన డైనింగ్ టేబుల్ మీద 25 డిగ్రీలెక్కడిది? ఒకసారి అలా బయట ఉంచినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి గడువు తేదీ దాకా వాడొచ్చనుకోవడం కూడా తప్పు.

షాపులో తీసుకునేటప్పుడు మీ డబ్బా మీరే తెచ్చుకోండి. మేం ఇచ్చే కవరులో ఓ ఐసు ముక్క వేసుకుని ఆర్టీసీ బస్సులో అనకాపల్లి దాకా వెళ్తే ఆ ఐసు ఎప్పుడు కరిగిందో ఎవరికీ తెలీదు. రైల్లోనైనా విమానంలోనైనా మందు చేతి సంచిలోనే ఉండాలి, ప్రిస్క్రిప్షన్ దానితోపాటే.

ఇంజెక్షన్ చేసుకునే ముందు పావుగంట, అరగంట బయట పెడితే నొప్పి తక్కువ. వేడినీళ్లలో పెట్టొద్దు. తొడ, పొట్ట చోటు మార్చుకుంటూ చేయాలి, బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేయాలి. వాడిన సూదులు గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి హాస్పిటల్లో ఇచ్చేయండి, చెత్తబండిలో వేస్తే తీసేవాళ్ల చేతికి గుచ్చుకుంటాయి.

5. డబ్బు గురించి సిగ్గుపడకుండా మాట్లాడండి

రోజూ వేసుకోవాల్సినది రోజు విడిచి రోజు వేసుకుంటూ నెల మందుని రెండు నెలలు సాగదీసేవాళ్లు చాలామంది. డాక్టరుకి చెప్పరు. ఆయన రిపోర్టు చూసి మందు పని చేయట్లేదనుకుని ఇంకా ఖరీదైనది రాస్తారు. "సార్, నెలకి ఇంత దాకానే పెట్టగలం" అని అంకెతో సహా చెప్పండి, అప్పుడు ఆయన వేరే దారి చూస్తారు.

దారులున్నాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీ జబ్బుకి ఏం వస్తుందో హాస్పిటల్లో, మనం ఆరోగ్యమిత్ర అని పిలిచే డెస్కు దగ్గర అడగండి, 104కి ఫోన్ చేసినా చెప్తారు. కేజీహెచ్, హనుమంతవాక దగ్గర విమ్స్, క్యాన్సరుకైతే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా హాస్పిటల్ ఉన్నాయి. ప్రైవేటులో మొదలుపెట్టిన మందుని అక్కడ కొనసాగించడం నామోషీ ఏమీ కాదు. ఈఎస్ఐ కార్డుంటే అది వాడండి. జనరిక్ గానీ, బయోసిమిలర్ (ఇలాంటి ఇంజెక్షన్లకి సమానంగా వేరే కంపెనీ చేసినది) గానీ ఉందేమో అడగండి. అడాలిముమాబ్‌కి 2014 నుంచే మన దేశంలో తయారైన బయోసిమిలర్ ఉంది, ఇమాటినిబ్ జనరిక్‌లు మన హైదరాబాద్ కంపెనీలే చేస్తున్నాయి. ఖరీదైన మందులకి కంపెనీలు కొన్ని డోసులు కొంటే కొన్ని ఉచితంగా ఇచ్చే స్కీములు నడుపుతుంటాయి, అవి బోర్డు మీద రాసి ఉండవు, డాక్టరు దగ్గర ఉండే కోఆర్డినేటర్‌ని అడగాలి. బిల్లు కూడా చూసుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, 33 ప్రాణరక్షక మందుల మీద పూర్తిగా తీసేశారు.

6. సైడ్ ఎఫెక్టులు, భయాలు, పక్కింటి సలహాలు

మానేసే ముందు ఒక్క ఫోన్. ఈ ఒక్క నియమం పెట్టుకోండి చాలు. వికారం, విరేచనాలు, నీరసం, నోటిపూత లాంటివి చాలావరకూ డోసు జరిపో, టైము మార్చో, ఇంకో మందు జోడించో తగ్గించగలిగినవే. ఎప్పుడు మొదలైంది, మందు వేసుకున్న ఎంతసేపటికి, రోజుకి ఎన్నిసార్లు, రాసుకుని చెప్పండి. "ఏదోలా ఉంది సార్" అంటే ఆయనేం చేయగలరు?

అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకి జ్వరం వచ్చినా, దగ్గు తగ్గకుండా ఉన్నా, తర్వాతి డోసుకి ముందు డాక్టరుతో మాట్లాడాలి, దాగి ఉన్న టీబీ బయటపడే ప్రమాదం ఉంటుంది. ఇలాంటప్పుడు డోసు ఆపడం నిర్లక్ష్యం కిందకి రాదు, కానీ ఆపమన్నది ఆయనై ఉండాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీ కూడా ఆయనతోనే చెప్పించుకోవాలి.

మందులు వేడి చేస్తాయి, లివరు పాడవుతుంది, పసరు మందు తాగితే జబ్బు వేళ్లతో సహా పోతుంది అనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. లివరు మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే మెథోట్రెక్సేట్‌కి నెలానెలా, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్షలు చేయిస్తారు. ఏముందో తెలియని పసరుకి ఆ పరీక్ష కూడా ఉండదు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లు ఒళ్లునొప్పులకి షాపులో అడిగి మాత్ర వేసుకోవడం కూడా అంతే ప్రమాదం.

పెళ్లి కావాల్సిన అమ్మాయిలు మందు దాచుకుని వాడటం, సంబంధం కుదిరాక మానేయడం నేను చాలాసార్లు చూశాను. ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు, భయం అలాంటిది. ఒక్కటి మాత్రం తప్పదు: మెథోట్రెక్సేట్, మైకోఫినోలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తాయి, కాబట్టి పెళ్లి మాట ఖాయమవుతుండగానే డాక్టరుని కలిస్తే ముందుగానే వేరే మందుకి మారుస్తారు. గుట్టుగా మానేస్తే జబ్బు తిరగబడుతుంది, గుట్టుగా వాడితే బిడ్డకి ముప్పు.

7. ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

"మందేసుకున్నావా?" అని రోజూ అడిగితే "ఆఁ" అంటారు. "ఈ వారం ఎన్ని తప్పాయి నాన్నా?" అని మామూలుగా అడగండి, నిజం బయటికొస్తుంది. తప్పిందని చెప్పినప్పుడు అరిస్తే, ఇంకెప్పుడూ చెప్పరు. ఆర్డరు పెట్టడం, ఫ్రిజ్ చూడటం మీరు తీసుకోండి, మింగడం వాళ్లకి వదిలేయండి.

8. తప్పిపోతే

గుర్తొచ్చింది కదా అని రెండు కలిపి వేసుకోవద్దు. మామూలు పద్ధతి ఏంటంటే, కాసేపట్లోనే గుర్తొస్తే వేసుకోవచ్చు, తర్వాతి డోసు దగ్గరపడితే దీన్ని వదిలేయాలి. మందు మందుకీ తేడా ఉంటుంది కాబట్టే మొదటి కాగితంలో ముందే రాయించమన్నాను. వారపు మెథోట్రెక్సేట్ సాధారణంగా రెండు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే మళ్లీ వచ్చే వారమే. అడాలిముమాబ్ గుర్తొచ్చిన వెంటనే చేయించుకుని, తర్వాతిది పాత తేదీకే చేయించుకోవాలి. వాంతి అయితే అడక్కుండా ఇంకోటి మింగొద్దు.

వారాలు, నెలలు మానేసి ఉంటే సొంతంగా మొదలుపెట్టకండి. కీళ్లవాతానికి సెలైన్‌లా ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటివి ఆపి మళ్లీ ఎక్కిస్తే ఒళ్లు ఆ మందునే శత్రువుగా చూసి రియాక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎన్నాళ్లు మానేశారో, ఎందుకో ఉన్నదున్నట్టు చెప్పండి. డాక్టరు అరిస్తే అరవనివ్వండి, డోసు లెక్క ఆ నిజం మీదే ఆధారపడి ఉంటుంది.

9. పరీక్ష రోజు

టాక్రోలిమస్ లెవెల్ పొద్దున్న డోసు వేసుకోకముందు చూడాలి, ముందు రోజు రాత్రి డోసుకి సుమారు 12 గంటలకి. ఇంట్లో వేసుకుని వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు డోసు తగ్గించేస్తారు, తర్వాత మార్పిడి చేసిన కిడ్నీకి ముప్పు. అలాగని పరగడుపున క్యూలో నిలబడి మధ్యాహ్నం దాకా అసలు డోసే లేకుండా ఉండకూడదు. మాత్ర చొక్కా జేబులో, నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని వెళ్లండి, రక్తం ఇచ్చి దూది నొక్కిపట్టుకున్నాక అక్కడి బెంచీ మీదే వేసుకోండి. రాత్రి డోసు ఎన్నింటికి పడిందో ల్యాబ్ కాగితం మీద రాయమనండి.